సముద్రం మీద ఉన్నవారి కొరకు



నేను గోపాల్‌పేటలో పుట్టి, ఆ చుట్టుపక్కల బడులలోనే ముప్ఫై ఏండ్లకు పైగా పాఠాలు చెప్పి, 2012లో రిటైరైన ఉపాధ్యాయురాలిని. డెబ్బై ఏండ్ల వయస్సు వచ్చేవరకు సముద్రం చూడలేదు. మా ప్రాంతంలో పెద్ద నీళ్లంటే బీచుపల్లి దగ్గర కృష్ణానది, లేకపోతే వానలు బాగా పడిన ఏడు సరళాసాగరం. పిల్లలకు సముద్రం పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు నల్లబల్ల మీద సుద్దముక్కతో అలలు గీసి చూపేదాన్ని. 2024 జనవరిలో, సంక్రాంతి సెలవులకు, నా కూతురి కొడుకును వెంటబెట్టుకొని విశాఖపట్నం వెళ్లాను. సముద్రం చూడటానికే వెళ్లాను గాని, చూచి వచ్చింది వేరొకటి. ఆ సంగతి మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందుగా మా ఇంటి సంగతి చెప్పాలి. మా నాయిన సంఘ పెద్ద. చిన్నతనంలో వనపర్తి మిషను కాంపౌండులో దొరల దగ్గర పని చేశాడు. అక్కడే చదువు నేర్చుకున్నాడు, అక్కడే రక్షణ పొందాడు. ఆ దొరలు మెన్నోనైట్ బ్రెదరెన్ వారు. వాళ్ల తాతలు రష్యా దేశంలో ఉండేవారట. 1870 తరువాతి సంవత్సరాలలో అక్కడి రాజు ప్రతి యువకుడూ సైన్యంలో చేరాలని చట్టం తెస్తే, ఆయుధం పట్టడం మా విశ్వాసానికి విరుద్ధమని వేలమంది పొలాలూ ఇండ్లూ వదిలి, ఓడలెక్కి అమెరికాకు వెళ్లిపోయారు. ఆ కుటుంబాల బిడ్డలే తరువాత మన పాలమూరు జిల్లాకు సువార్త తెచ్చారు. ఈ కథ నాయిన మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "మన సంఘం కత్తి వదిలి వచ్చిన వాళ్లు నాటిన చెట్టు" అనేవాడు.

అటువంటి ఇంట్లో నుండి మా తమ్ముడు 1976లో, పద్దెనిమిదేండ్ల వయస్సులో, ఎవరికీ చెప్పకుండా హైదరాబాదుకు పోయి నేవీలో చేరాడు.

ఆ ఏడు చేతిలో పంట లేదు. ఊళ్లో సగంమంది బొంబాయి, షోలాపూరు దిక్కు పనులకు పోయారు. పాలమూరు వలస గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. తమ్ముడు కూడా ఒక విధంగా వలసపోయినవాడే. అయితే వాడు పోయింది మట్టి పనికి కాదు, ఆయుధాల ఓడకు. నాయిన దాన్ని సహించలేకపోయాడు. తమ్ముడు సెలవు మీద వచ్చినప్పుడు వానికి అన్నం పెట్టనిచ్చేవాడు గాని, ఎదురుగా కూర్చుని తినేవాడు కాదు. మాట్లాడేవాడు కాదు. కొన్నాళ్లకు వాడు విశాఖపట్నంలో శిక్షణ పొంది సబ్‌మెరైనులో, అనగా జలాంతర్గామిలో, పనికి కుదిరాడని జాబు వచ్చింది. నీళ్ల కింద పోయే ఓడ అని చదివి వినిపిస్తే అమ్మ ఏడ్చింది. నాయిన లేచి పొలానికి పోయాడు.

1988 ఆగస్టులో నాయిన చనిపోయాడు. వనపర్తికి మనిషిని పంపి తమ్మునికి టెలిగ్రాం ఇప్పించాం. ఒక రాత్రంతా ఎదురు చూచాం. మరునాడు సాయంత్రం, కొడుకు చేతి మన్ను పడకుండానే సమాధి పూడ్చాం. తమ్ముడు పందొమ్మిది దినాల తరువాత వచ్చాడు. నేను గడపలో నిలబడి, వాడు చెప్పులు కూడా విడువక ముందే, "నాయిన మాట కాదని పోయినోనివి, నాయిన మట్టికెందుకు ఒస్తవు?" అన్నాను.

వాడు ఒక్క మాట తిరిగి అనలేదు. సమాధి దగ్గరికి పోయి చాలాసేపు కూర్చున్నాడు. తెల్లవారి బస్సుకు వెళ్లిపోయాడు. ఆ తరువాత వాడు పంపిన మనియార్డరును నేనే తిప్పి పంపాను. అమ్మ బ్రతికి ఉన్నంతవరకు వచ్చి పోతుండేవాడు, నాతో మాత్రం "బాగున్నవా అక్కా" అన్న దానికి మించి మాట ఉండేది కాదు. పదిహేనేండ్ల ఉద్యోగం చేసి 1991లో బయటికి వచ్చి, విశాఖపట్నంలోనే గాజువాక దిక్కు ఇల్లు కట్టుకున్నాడు. వాని గృహప్రవేశానికి నేను పోలేదు. వాని బిడ్డ పెండ్లికి పోలేదు. ఈ ముప్ఫై అయిదేండ్లలో ఎన్ని ప్రభురాత్రి భోజనాలలో చేయి వేశానో, ఎన్నిసార్లు పిల్లలకు క్షమాపణ గురించి ఆదివారపు బడిలో పాఠం చెప్పానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గు వేస్తుంది.

2023 క్రిస్మస్ నాడు వాడే ఫోను చేశాడు. "అక్కా, నాకు అరవై అయిదు దాటినయి. నీకు డెబ్బై ఒస్తున్నయి. ఒక్కసారి ఒచ్చి సముద్రం చూసిపో" అన్నాడు. ఫోను నా చేతిలో నుండి మనవడు గుంజుకొని, "వస్తం తాతా" అనేశాడు. వాడు వనపర్తిలో ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. ఆ విధంగా ప్రయాణం కుదిరింది. హైదరాబాదులో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖపట్నం. తమ్ముడు స్టేషనుకు వచ్చి నా చేతి సంచి అందుకున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నడక అచ్చం నాయిన నడక.

ఆ సాయంత్రం మమ్మల్ని రామకృష్ణా బీచికి తీసుకొనిపోయాడు. సముద్రాన్ని చూచి నేను ఏమీ మాట్లాడలేకపోయాను. నల్లబల్ల మీద గీసిన అలలు జ్ఞాపకం వచ్చి నవ్వుకూడా వచ్చింది. ఒడ్డంతా తిరునాళ్లలా ఉంది. మురీ మిక్చరు బండ్లు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, బుడగలవాళ్లు, ఫోటోలు దిగే కొత్త దంపతులు. ఆ సందడి మధ్య, ఇసుక ఒడ్డున, సిమెంటు దిమ్మెల మీద ఒక నల్లని పెద్ద చేపలాంటిది నిలబెట్టి ఉంది. అదే ఐ.ఎన్.ఎస్. కురుసుర అనే జలాంతర్గామి.

ఇది మన నౌకాదళానికి వచ్చిన నాలుగో జలాంతర్గామి. అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో 1969 డిసెంబరు 18న దళంలో చేరింది. 1971 యుద్ధంలో పాల్గొంది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు సేవ చేసి 2001 ఫిబ్రవరిలో విరమించింది. మామూలుగా అయితే ఇటువంటి పాత ఓడలను ఇనుము కింద విరగ్గొట్టి అమ్ముతారు. దీనిని మాత్రం ఒడ్డుకు లాగి, మ్యూజియంగా మార్చి, 2002 ఆగస్టులో ప్రజలకు తెరిచారు. పొడవు తొంభై మీటర్లకు పైన. మా ఊరి చర్చి లాంటివి నాలుగయిదు వరుసగా పెట్టినంత. తమ్ముడు పనిచేసింది దీనిలో కాదు, అదే రకానికి చెందిన మరొకదానిలో. "లోపలంతా ఒక్కటే తీరు అక్కా" అన్నాడు.

టిక్కెట్లు తీసుకొని మెట్లెక్కి లోపలికి పోయాం. లోపల చూపించి చెప్పేవారు కూడా నేవీలో పనిచేసి విరమించినవారే. మాకు చెప్పడానికి వచ్చినాయన తమ్ముని వైపు రెండుసార్లు చూచి, ఏ సబ్‌మెరైను, ఏ సంవత్సరం అని అడిగి, తరువాత నవ్వి, "అయితే మీ వాళ్లకు మీరే చెప్పండి సార్" అని పక్కకు తప్పుకున్నాడు.

అది ఓడ కాదు, ఒక ఇనుప గొట్టం. ఏడు గదులు. ఒక గదిలో నుండి మరొక గదిలోకి పోవాలంటే గుండ్రని రంధ్రంలో నుండి ముందు కాలు, తరువాత తల వంచి దూరాలి. నా మోకాళ్లకు అది కష్టమే అయింది. గోడ కనబడదు, అన్నీ పైపులు, చక్రాలు, గడియారాల వంటి మీటర్లు. ముందు భాగంలో ఆరు, వెనుక భాగంలో నాలుగు టార్పెడో గొట్టాలు. టార్పెడో అంటే నీటిలో ఈదుకుంటూ పోయి ఓడను పేల్చే బాంబు. అటువంటివి ఇరవై రెండు వరకు ఉండేవట. వాటి పక్కనే, వాటిని ఆనుకొని, మనుషులు పడుకునే బల్లలు. పిల్లలు ఆ గొట్టాల ముందు నిలబడి నవ్వుతూ ఫోటోలు దిగుతున్నారు.

"ఇది ఎట్ల మునుగుతది తాతా?" అని మనవడు అడిగాడు.

"బావిలో బిందె ఎట్ల మునుగుతదిరా? నోరు ఒంచితే గాలి బయటికి పోయి నీళ్లు లోపలికి వస్తయి, మునుగుతది. దీనికి పక్కలకు పెద్ద తొట్లుంటయి. వాటిలోకి సముద్రం నీళ్లు ఒదిలితే మునుగుతది. గట్టిగా నొక్కిపెట్టిన గాలితో ఆ నీళ్లను వెళ్లగొడితే తేలుతది" అన్నాడు తమ్ముడు.

నడక సంగతి కూడా చెప్పాడు. నీటి పైన పోయేటప్పుడు మూడు డీజిలు ఇంజన్లు నడుపుతాయి. డీజిలు మండాలంటే గాలి కావాలి, నీటి అడుగున గాలి ఎక్కడిది? అందుచేత మునిగిన తరువాత బ్యాటరీల కరెంటుతో మోటార్లు తిప్పాలి. బ్యాటరీలు తగ్గిపోతే మళ్లీ పైకి దగ్గరగా వచ్చి, గాలి గొట్టం బయటికి పెట్టి, ఇంజన్లు నడిపి వాటిని నింపుకోవాలి. శత్రువుకు దొరికేది అప్పుడే. ఆ కాస్త సేపు అయ్యేవరకు అందరికీ గుండె చేతిలో ఉన్నట్టే ఉంటుందట. డెబ్బై అయిదుమంది మనుషులు. మంచినీళ్లు కొలతే. స్నానం ముచ్చట లేదు. ఇంజను వేడి, డీజిలు వాసన, వంట వాసన, మనుషుల చెమట వాసన అన్నీ కలిసి బట్టలకు పట్టేవట. ఒకడు కాపలాకు లేస్తే వాని బల్ల మీదనే మరొకడు పడుకునేవాడు. పగలో రాత్రో తెలిసేది కాదు.

అప్పుడు నేను అడిగాను. "జాబులు ఎట్ల వచ్చేవి?"

తమ్ముడు కొంచెంసేపు మాట్లాడలేదు. వైర్‌లెస్సు గది ముందు నిలబడి ఉన్నాం. లోపల ఒక బొమ్మ మనిషి చెవులకు పెట్టుకొని కూర్చుని ఉన్నాడు.

"రావు అక్కా. రేవు విడిచినాక జాబులు లేవు. ఎక్కడ పోతున్నమో ఇంట్లో చెప్పొద్దు. ఎన్ని దినాలకు ఒస్తమో చెప్పొద్దు. ఒచ్చినాక ఎక్కడ ఉండి ఒచ్చినమో కూడా చెప్పొద్దు. గట్లని ఒట్టు. నాయిన పోయిన నాడు నేను నీళ్ల కింద ఉన్న. ఒడ్డుకు ఒచ్చినాక టెలిగ్రాం చేతికిచ్చిన్రు. అప్పటికి పదహారు దినాలైంది."

వాడు అది ఫిర్యాదుగా చెప్పలేదు. ఎవరినీ తప్పుపట్టలేదు. పక్కింటి వానికి దారి చెప్పినట్టు చెప్పాడు.

"మరి ఆ పొద్దు గడపలో ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెప్పొద్దని ఒట్టు పెట్టుకున్న గదా. అయినా నువ్వు అడగలేదు అక్కా. అన్నవు గాని అడగలేదు."

ప్రియులారా, ఆ మాట నా హృదయంలోకి మేకులా దిగింది. ముప్ఫై అయిదేండ్లుగా నేను వానిని విచారణ లేకుండా శిక్షించాను. నా చుట్టూ పిల్లలు, ఫోటోలు, నవ్వులు. నేను ఆ ఇనుప గొట్టంలో ఒక పైపును పట్టుకొని నిలబడ్డాను. చేప కడుపులో ఉన్న యోనా గుర్తుకు వచ్చాడు. అతడు దేవునికి చెవియొగ్గకుండా పారిపోయి అక్కడికి చేరాడు. మా తమ్ముడే యోనా అని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాని కరుణ చూపడం ఇష్టంలేక పట్టణం బయట అలిగి కూర్చున్న యోనా కూడా ఒకడున్నాడు గదా. ఆ యోనాను నేను.

బయటికి వచ్చి ఇసుకలో కూర్చున్నాం. మనవడు అలల దగ్గరికి పోయాడు. రోడ్డుకు అవతల మరొక మ్యూజియం ఉంది. టి.యు. 142 అనే పెద్ద యుద్ధ విమానం. 2017లో విరమిస్తే ఆ సంవత్సరం డిసెంబరులోనే అక్కడ నిలబెట్టారు. ఆకాశంలో ఎగురుతూ సముద్రంలో జలాంతర్గాములను వెదకడం దాని పని. ఒకటి దాక్కునేది, ఒకటి వెదకేది. ఇప్పుడు రెండూ టిక్కెట్టు కొన్నవారికి ఎదురెదురుగా కనబడుతూ కూర్చున్నాయి. కత్తులు సాగగొట్టి నాగటి నక్కులు చేసే దినం గురించి యెషయా ప్రవక్త చెప్పిన సంగతి మనందరికీ తెలిసినదే. ఇది అంతటిది కాదు. విశాఖపట్నం ఈనాటికీ తూర్పు నౌకాదళానికి కేంద్రమే. మేము కూర్చున్న చోటికి దూరంగా యుద్ధనౌక ఒకటి కనబడుతూనే ఉంది. అయినా ఆయుధాలు మోసిన దానిలో పసిపిల్లలు తిరుగుతుంటే చూడటం మంచిదే.

ప్రపంచంలో ఇటువంటి చోట్లు ఇంకా ఉన్నాయని తమ్ముడు చెప్పాడు. ఫిలిప్పీన్స్ దేశంలో సుబిక్ అనే చోట అమెరికావారి పెద్ద నౌకాస్థావరం ఉండేది. 1992లో వారు ఖాళీ చేసిపోయిన తరువాత అది వ్యాపారానికీ విహారానికీ స్థలమైంది.

దగ్గరలోనే విక్టరీ ఎట్ సీ అనే స్మారకం ఉంది. 1971 యుద్ధాన్ని జ్ఞాపకం చేసుకుంటూ 1996లో కట్టారు. ఆ యుద్ధంలో పాకిస్తాను వారి ఘాజీ అనే జలాంతర్గామి డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఈ తీరానికి కొద్ది దూరంలోనే మునిగిపోయింది. లోపలివారు ఒక్కరు కూడా బ్రతకలేదు. "వాళ్లు శత్రువులే అక్కా. కాని లోపల ఉండి పనిచేసినోనికి తెలుస్తది, ఆ ఆఖరు నిమిషం ఎట్లుంటదో. వాళ్లకూ అక్కలు ఉండి ఉంటరు" అన్నాడు తమ్ముడు. నాయిన పోలికలు వానిలో నడక ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది.

అప్పుడు వానికి నేను ఇవ్వవలసిన బాకీ ఒకటి ఇచ్చేశాను. డబ్బు బాకీ కాదు, ఒక మాట.

నాయిన సంఘంలో ప్రతి ఆదివారం విజ్ఞాపన ప్రార్థన చేసేవాడు. వానల కొరకు, రోగుల కొరకు, బొంబాయికి వలసపోయిన వారి కొరకు ప్రార్థించి, చివర "సముద్రం మీద ఉన్నవారి కొరకు" అనేవాడు. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న మా ఊళ్లో ఎవరికి సముద్రంతో పని? ఓడ ప్రయాణం చేసే మిషనరీల కొరకు కాబోలు అని సంఘమంతా ఆమెన్ అనేది. నాకు మాత్రం తెలుసు. ఎందుకంటే తమ్ముడు సెలవు మీద ఇంటికి వచ్చిన ఆదివారాలలో నాయిన ఆ మాట అనేవాడు కాదు. అప్పుడు వాడు నేల మీద ఉన్నాడు గదా. అందుచేత తమ్ముడు ఆ ప్రార్థన ఎన్నడూ వినలేదు. నాయిన పోవడానికి ముందు ఆదివారం కూడా, మంచంలో ఉండే, ఆ మాట అన్నాడు.

ఇది నేను 1988లోనే గడపలో చెప్పవలసిన మాట. కోపంకొద్దీ దాచిపెట్టాను. దొంగిలించడం అంటే ఇతరుల వస్తువు తీసుకోవడం ఒక్కటే కాదు, ఇతరులకు చెందినది ఇవ్వకపోవడం కూడా.

విని తమ్ముడు చాలాసేపు సముద్రం వైపే చూచాడు. తరువాత పైకండువాతో ముఖం తుడుచుకొని, "పన్నెండేండ్లు అన్నడా అక్కా?" అని అడిగాడు. "పన్నెండేండ్లు అన్నడు" అన్నాను. "నేను మాత్రం ప్రతిసారి మునిగేటప్పుడు, నాయిన నన్ను మరిచిపోయిండు అనుకునేది" అన్నాడు. నేను వాని చేయి పట్టుకొని, "నన్ను క్షమించు తమ్మీ" అన్నాను. వాడు "లే అక్కా, చలిగాలి. మొక్కజొన్న పొత్తు తిందాం" అన్నాడు. మా ఇంట్లో క్షమించడం అంటే అంతే.

రాత్రి మరదలు వండిన చేపల పులుసు తిని పడుకున్నాక ఒక సంగతి ఆలోచించాను. ఆయుధం వద్దని రష్యా విడిచి వచ్చినవారి బోధ మా ఇంటికి వచ్చింది. ఆయుధంగా రష్యా దేశం కట్టిన ఓడ మా తమ్మునికి బ్రతుకుతెరువైంది. రెండూ సముద్రం మీదుగానే వచ్చాయి. ఇదే విశాఖపట్నంలో 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే లండన్ మిషను వారు తెలుగువారి మధ్య పని మొదలుపెట్టి, అయిదేండ్లలోనే ఇద్దరూ చనిపోయారు. వారూ ఓడలో వచ్చినవారే. వారి కొరకు కూడా ఎక్కడో ఒక తండ్రి సముద్రం మీద ఉన్నవారి కొరకు అని ప్రార్థించి ఉంటాడు.

తిరుగు ప్రయాణంలో రైలులో మనవడు మెల్లగా అడిగాడు. "అమ్మమ్మా, నేను కూడా నేవీకి రాయనా? ఇప్పుడు అగ్నివీరులని నాలుగేండ్లకు తీసుకుంటున్నరు."

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆయుధం విషయంలో నాయిన నమ్మినదే నేనూ నమ్ముతున్నాను. అది మారలేదు. వానితో ఆ మాటే చెప్పాను. నాయిన కథ మొత్తం చెప్పాను. చిన్నతాత కథ మొత్తం చెప్పాను. "నా మనసు ఇది. నీ మనసు నువ్వు ప్రార్థన చేసి తెలుసుకో. నువ్వు ఏ దిక్కు పోయినా, ఎన్నడు ఒచ్చినా, గడపలో నిలబెట్టి మాట అనేవాళ్లు మాత్రం ఈ ఇంట్లో ఉండరు" అన్నాను. వాడు తల ఊపి కిటికీలో నుండి బయటికి చూశాడు.

చదువుతున్న మీకు ఒక్క మనవి. మన కుటుంబాలలో దూరం పోయినవారు చాలామంది ఉన్నారు. కొందరు పూనాకు, కొందరు దుబాయికి, కొందరు మన మాటకు ఎదురు తిరిగి ఎటో పోయి ఉంటారు. కష్టకాలంలో రాలేదని వారి మీద కోపం పెట్టుకున్నవారు నావలె ఎందరో ఉంటారు. అనేముందు అడగండి. ఎక్కడ ఉన్నావు, ఏ లోతులో ఉన్నావు అని అడగండి. వారికి చెందిన మంచి మాట ఏదైనా మీ దగ్గర ఉండిపోయి ఉంటే, ఈ ఆదివారం రాకముందే ఫోను చేసి ఇచ్చివేయండి.

మా సంఘంలో ఇప్పుడు విజ్ఞాపన ప్రార్థన వంతు నాకు వచ్చినప్పుడు, వానల కొరకు, రోగుల కొరకు, వలసపోయిన వారి కొరకు ప్రార్థించి, చివర నాయిన మాట కూడా కలుపుతున్నాను. సంఘమంతా ఆమెన్ అంటున్నారు.